ఈల వేసే ముఖం

క్లెమెంట్ వార్గా చేతికి ఏ మగ్గు వచ్చినా ముందు దాని ముఖం చూడడు. తలకిందులు చేసి అడుగు చూస్తాడు. రివర్‌సైడ్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పటాలకు జాబితాలు రాసే ఉద్యోగం ఆయనది. పటంలోని కొండలకన్నా, మూలన చిన్న అక్షరాల్లో ఉన్న ముద్రాపకుడి పేరే ముఖ్యమని పాతికేళ్ళుగా నమ్మినవాడు. ఆ నమ్మకమే సెలవురోజుల వేటలోకీ ఆయన వెంట వచ్చింది. టికీ మగ్గులంటే పింగాణీ ముఖాలు: గుడ్లురిమే కళ్ళు, చెవిదాకా సాగిన నోరు. దక్షిణ సముద్రపు దేవుళ్ళని పేరు చెప్పి, కాలిఫోర్నియా హోటళ్ళవాళ్ళు ఒకప్పుడు తమకు తోచినట్టల్లా చేయించి, వాటిలో రమ్ము పోసి అమ్మారు. వాటిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. క్లెమెంట్‌కు మాత్రం అడుగున ముద్ర కనిపించాకే నవ్వొస్తుంది.

ఆయన భార్య రోజలిండ్ దీనికి సరిగ్గా ఎదురు. ముఖం తనను చూసి నవ్వినట్టనిపిస్తే కొంటుంది, లేకపోతే లేదు. ఈ ఇద్దరూ కలిసి పదకొండేళ్ళలో తమ కారు గరాజ్‌ను దీవిగా మార్చారు. గోడలకు వెదురు, పైకప్పుకు చాప, చాప కింద జాలరుల గాజు బంతులు, గుమ్మానికి అటూ ఇటూ తాటిమాను చెక్కి నిలబెట్టిన రెండు నిలువెత్తు దేవుళ్ళు. ఇంటర్‌నెట్‌లో తెప్పించుకున్నది అందులో ఒక్కటీ లేదు. కాలు కదిపి వెళ్ళాలి, కంటితో చూడాలి, చేత్తో తెచ్చుకోవాలి: అది వాళ్ళ ఒట్టు. ట్యూసన్‌లో పెళ్ళికి వెళ్ళి వెదురు కుర్చీతో తిరిగొచ్చారు. రీనోలో అంత్యక్రియలకు వెళ్ళి, దారిలోని పాత సామాన్ల దుకాణంలో ఒక పడవ తెడ్డు కొని, ఏడ్చిన కళ్ళతోనే దాన్ని కారు పైన కట్టుకొచ్చారు.

ఇంటి బార్‌గా మారిన ఆ గరాజ్‌కు ‘నెమ్మది అల’ అని పేరు పెట్టి ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో ఒక్క అతిథి అందులో అడుగు పెట్టలేదు.

కారణం ఒక మగ్గు. బేకర్స్‌ఫీల్డ్‌లో ఎప్పుడో మూతబడిన ‘మూడు తాబేళ్ళు’ అనే హోటల్‌కు ఆరు రకాల ముఖాలతో మగ్గులుండేవి. నవ్వేవాడు, ఏడ్చేవాడు, కోపిష్ఠి, నిద్రపోయేవాడు, నాలుక చాచేవాడు దొరికారు. ఆరోవాడు, ఈల వేసేవాడు, దొరకలేదు. రాష్ట్రం మొత్తం మీద అలాంటివి రెండే ఉన్నాయని ఈ వేటగాళ్ళ లెక్క. ఏటా జూన్‌లో టికీ అభిమానులందరూ తమ ఇళ్ళలోని బార్ల తలుపులు తెరిచి, ఒకరింటి నుంచి ఒకరింటికి గుంపుగా తిరుగుతారు. ఏటా రోజ్ తమ పేరు ఇస్తుంది, ఏటా క్లెమెంట్ కొట్టేయిస్తాడు. ఈ ఏడాది ఆమె చెప్పకుండా ఇచ్చింది. పేరు అచ్చయి వచ్చేసింది: శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు.

“నేను తలుపు తీస్తాను. నువ్వు లోపలుంటావో బయటుంటావో నీ ఇష్టం,” అంది రోజ్.

“అసంపూర్ణమైన జాబితా ఎవరూ అచ్చు వేయరు.”

“ఇది జాబితా కాదు బాబూ, బార్. జనం వస్తారు, తాగుతారు, పోతారు.”

ఆ మాట అనుకున్న బుధవారం సాయంత్రమే ఒక ప్రకటన కంటపడింది. బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఇంట్లోని సామానంతా శుక్రవారం ఎనిమిది నుంచి అమ్మకం. ఫొటోల్లో వంటగది ఒకటి. క్లెమెంట్ భూతద్దం పెట్టి చూశాడు. కిటికీ గట్టు మీద, గిన్నెలు తోమే సబ్బు పక్కన, గోధుమరంగు మగ్గు. దాని పెదాలు సున్నా చుట్టుకుని ఉన్నాయి.

శుక్రవారం తెల్లవారుతుండగా కారు కొండదారి దిగుతున్నప్పుడు రోజ్ అడిగింది: “అది ఈల వేసేవాడేనని ఖాయమేనా?”

“ఆరుగురిలో సున్నా నోరు ఇంకెవరికీ లేదు.”

“మా మేనమామ కూడా ఫొటోల్లో అలాగే ఉంటాడు. దొరక్కపోతే ఆయన్నే తగిలించేద్దాం.”

క్లెమెంట్ నవ్వలేదు. రోజ్ బత్తాయి వలిచి సగం ఆయన నోట్లో పెట్టింది.

“నిజం చెప్పు క్లెమ్. నీకు మగ్గు దొరకదని భయమా, దొరికితే ఇక సెలవురోజుల్లో ఏం చేయాలా అని భయమా?”

ఆయన మిగతా సగం కూడా అందుకుని నోట్లో పెట్టుకున్నాడు.

వాళ్ళు చేరేసరికే ఇంటి ముందు జనం ఉన్నారు. తలుపుకు అతికించిన కాగితం మీద వచ్చిన వరసలో పేర్లు రాసుకోవాలి; పదేసి మందిని లోపలికి వదులుతారు. క్లెమెంట్‌కు తొమ్మిదో నంబరు వచ్చింది. మొదటి పేరు ఎవరిదో చూడనక్కర్లేదు. గేటు నుంచి గుమ్మం దాకా ఉన్న నడవకు రెండు వైపులా గోధుమరంగు గుండ్రటి పలకల అంచు ఉంది. ఆ అంచు మీద మడత కుర్చీ వేసుకుని, చిలకల చొక్కాతో, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని డార్విన్ ప్రూట్ కూర్చుని ఉన్నాడు. ఆక్స్‌నార్డ్‌లో సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. బస్సు నడిపినన్నాళ్ళూ ఆలస్యమైనందుకు ఇప్పుడు అన్నిచోట్లకూ ముందే వస్తాడని అందరూ అంటారు. రాష్ట్రంలో ఉన్నాయనుకున్న రెండు ఈల మగ్గుల్లో ఒకటి ఆయనదే.

“రావయ్యా పటాల పంతులూ! తొమ్మిదా? పాపం, నీకు సబ్బు మిగులుతుందిలే.”

“నీ దగ్గర ఒకటుంది కదా డార్విన్, మళ్ళీ ఎందుకు?”

“దాని చెవి అతికించిందయ్యా! రోజూ పొద్దున లేచి ఆ అతుకు చూస్తే కాఫీ దిగదు నాకు. రోజ్ అమ్మా, బాగున్నావా? రేపు మీ బార్ తెరుస్తున్నారటగా?”

“నేను తెరుస్తున్నా. ఈయన సంగతి ఎనిమిదింటికి తెలుస్తుంది.”

ఎనిమిదింటికి తలుపు తెరిచారు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి అంత వేగంగా నడవగలడని డార్విన్‌ను చూస్తేగాని నమ్మలేం. ముందుగదిలోనే రోజ్‌కు ఒక దీపం కనిపించింది. బంతిలా ఉబ్బిన ముళ్ళచేపను ఎండబెట్టి లోపల బల్బు పెట్టినది. దాన్ని ఎత్తి సరిగ్గా డార్విన్ దారికి అడ్డంగా పట్టుకుంది.

“డార్విన్, ఇది అసలు చేపా, ప్లాస్టిక్కా?”

తెలిసిన సంగతి ఎవరైనా అడిగితే చెప్పకుండా దాటిపోయే శక్తి ఆ మనిషికి లేదు. “తోక దగ్గర చూడమ్మా, అసలుదైతే అక్కడ...” అంటూ ఆగాడు. ఆ నాలుగు క్షణాల్లో క్లెమెంట్ భోజనాల గదిలోంచి వంటగదిలోకి జొరబడ్డాడు. గట్టు మీద మగ్గు లేదు. బల్ల మీద ఉంది. ఆయనకు బల్లగాని, కుర్చీగాని, కుర్చీలోని మనిషిగాని కనిపించలేదు. అరచెయ్యి దాని మీద వేసి, “నాది!” అన్నాడు.

ఈ వేటగాళ్ళకు ధర్మశాస్త్రం అంతా ఒకే వాక్యం: చెయ్యి పడినవాళ్ళది వస్తువు, చెయ్యి తీస్తే హక్కు పోతుంది. ఎందరో తలలు బద్దలు కొట్టుకోకుండా కాపాడుతున్నది ఆ వాక్యమే. కానీ క్లెమెంట్ అరచెయ్యి చురుక్కుమంది.

“నీదైతే వేడని నీకు తెలియాలి కదా నాయనా?” అంది కుర్చీలోని ముసలమ్మ. మగ్గు పిడి ఇంకా ఆవిడ వేళ్ళ మధ్యే ఉంది. లోపల సగందాకా అల్లం టీ పొగలు కక్కుతోంది.

క్లెమెంట్ ముఖం ఆ ఆరు మగ్గుల్లోని ఏడ్చేవాడిలా అయింది. చెయ్యి తీద్దామనుకున్నాడు. అప్పుడే గుమ్మంలో చిలకల చొక్కా కనిపించింది.

“తీసేయవయ్యా చెయ్యి, కాలుతుంది,” అన్నాడు డార్విన్ ఎంతో ప్రేమగా. “నేను పట్టుకుంటాగా.”

క్లెమెంట్ తీయలేదు. “క్షమించండమ్మా,” అన్నాడు, చెయ్యి అలాగే ఉంచి. “మీరు తాగండి. నేను... ఇలా ఉంటాను.”

ఆవిడ ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత ఆయన చేతితో సహా మగ్గు ఎత్తి, ఒక గుక్క తాగి, ఆయన చేతితో సహా దించింది. ఇలా మూడుసార్లు జరిగింది. ఆవిడ భుజాలు అప్పటికే నవ్వుతో కదులుతున్నాయి.

“నా పేరు లుర్డెస్ మగ్‌సినో. సోమవారం దాకా ఈ ఇల్లు నాది. వీధంతా లోలా అంటారు, మా ఫిలిపినోల్లో అమ్మమ్మ అన్నమాట. సామానంతా అమ్మేసి స్టాక్టన్‌లో మా చెల్లెలి పక్కింటికి పోతున్నా. ఇంట్లో అమ్మకానికి లేనివి రెండే రెండు. ఒకటి నేను. రెండోది ఇది.”

క్లెమెంట్ చెయ్యి నెమ్మదిగా లేచింది. డార్విన్ చెయ్యి కూడా మగ్గు మీదికి రాలేదు. ఆయన టోపీ తీసి నిలబడ్డాడు. గుమ్మంలోకి వచ్చిన రోజ్ భర్త భుజాలు చూసి సంగతి గ్రహించింది. ఆరేళ్ళ ఎదురుచూపు చేతి కింద నుంచి జారిపోయిన మనిషిని ఏమని ఓదార్చాలి? ఆమె దీపాన్ని కింద పెట్టి, లోలా పక్కన కుర్చీ లాక్కుని, ఇంతవరకూ ఎవరికీ తోచని ప్రశ్న అడిగింది.

“ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది లోలా?”

“మా ఫాస్టో ‘మూడు తాబేళ్ళు’లో బార్ నడిపేవాడు. ఈ ఈలగాడు వచ్చిన రోజు నుంచీ గొడవే! చేసినవాడెవడో నోరు నిజంగానే తొలిచి పెట్టాడు. నిండా పోస్తే పెదాల్లోంచి చర్రుమని ఎదురుగా కూర్చున్నావిడ గౌను మీద పడేది. వారంలో నలుగురి గౌన్లు! యజమాని అన్నీ పారెయ్యమన్నాడు. పారెయ్యమంటే మా ఆయనకు ప్రాణం పోతుంది. గోనెసంచుల్లో పెట్టి ఇంటికి మోసుకొచ్చాడు. ఇది ఒక్కటి నేను వాడుకుంటా. సగమే పోసుకుంటా, అంతే.”

క్లెమెంట్ గబుక్కున తలెత్తాడు. “సంచులు... అన్నారా? ఎన్ని మగ్గులు?”

“అరవయ్యో, డెబ్బయ్యో.”

డార్విన్ చేతిలోని టోపీ బల్ల మీద పెట్టి ఒక అడుగు ముందుకేశాడు.

“ఇప్పుడవి ఎక్కడున్నాయి లోలా?” అన్నాడు డార్విన్, బస్సులో చిల్లర అడిగినంత నెమ్మదిగా.

“బాగుంది! తెల్లారినప్పటి నుంచీ వాటి మీదే కదయ్యా కుర్చీ వేసుకుని కూర్చున్నావు!”

ఇద్దరు మగవాళ్ళూ ఒకేసారి గుమ్మంలో పడి ఇరుక్కున్నారు. రోజ్ వెనక నుంచి తోస్తేగాని బయటపడలేదు.

నడవ పక్కన క్లెమెంట్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గోధుమరంగు గుండ్రటి పలకలు, ఒకదాని పక్కన ఒకటి, గేటు దాకా. బొటనవేలితో ఒకదాని మీది నాచు రుద్దాడు. మట్టి కిందనుంచి ఒక తాబేలు తేలింది. మళ్ళీ రుద్దాడు, రెండోది, మూడోది. ఫాస్టో మగ్గులన్నిటినీ తలకిందులుగా పాతి పూలమడికి అంచు కట్టాడు. లోకంలోని ప్రతి మగ్గునూ తిరగేసి అడుగు చూసే మనిషికి, అరవై ఏళ్ళుగా ఆకాశంకేసి అడుగు చూపిస్తూ కూర్చున్నవి కనబడలేదు. వాటి పక్కన గంటసేపు నిలబడి, తలుపుకేసి చూశాడు.

“నోరు తెరిచి అలా చూడకు, మట్టి పోతుంది,” అంది రోజ్. ఆమెకు నవ్వు ఆగడం లేదు.

లోలా కర్ర ఊతంగా వసారాలోకి వచ్చి తీర్పు చెప్పింది. “ఇల్లు కొన్నాయన సోమవారం ఇదంతా సిమెంటు పోయిస్తాడట, కారు పెట్టుకోవడానికి. తీసుకోండి. మనిషికి ఒకటి ఊరికే. రెండోది కావాలన్నవాళ్ళు నా సామాను లారీ ఎక్కించాలి. నా బీరువా బరువు తెలుసా మీకు?”

వరసలోని వాళ్ళందరూ నంబర్లు మరిచిపోయి మడి మీద పడ్డారు. లోపల అమ్మకం నడిపే ఆవిడ కొనేవాళ్ళెవరూ కనబడక బయటికొచ్చి, కాసేపు చూసి, తనూ చెప్పులు విడిచి దిగింది. డార్విన్ చేతులతో తవ్వాడు. క్లెమెంట్ వంటగది డబ్బాలోంచి ఒక చెంచా, ఒక పాత టూత్‌బ్రష్ కొనుక్కొచ్చి, ఒక్కొక్క వేరునూ పక్కకు తప్పిస్తూ తవ్వాడు. మొదటిది పైకి వచ్చేసరికి అంచు విరిగి ఉంది. రెండోది ముఖం మధ్య చీలింది. పక్కన డార్విన్ అప్పటికే నాలుగు తీసి వరసగా పెట్టాడు.

“పంతులూ, అది పన్ను కాదయ్యా, మగ్గు! లాగు!”

“నీలా లాగినవాళ్ళకే చెవులు ఊడేది.”

“అది నేను ఊడగొట్టింది కాదు, అలాగే కొన్నా! ఎంత పోసి కొన్నానో చెబితే ఇప్పుడు నువ్వు నవ్వుతావు.” డార్విన్ మడి అంతా ఒకసారి కలయజూశాడు. నలుదిక్కులా ఈలలు వేస్తున్న బురద ముఖాలు. “రాష్ట్రంలో రెండే రెండు! ఆ మాట అందరికీ చెప్పింది నేనే!” అని తానే పగలబడి నవ్వాడు.

మూడోది క్లెమెంట్ చేతికి చెక్కుచెదరకుండా వచ్చింది. కుళాయి కింద కడిగాడు. తిప్పి తిప్పి చూశాడు. చిట్లలేదు, పగల్లేదు, పెదాల సందులోంచి ఒక చామంతి వేరు సన్నగా బయటికి సాగి ఉంది. ఆరేళ్ళలో మొదటిసారి ఆయన అడుగు చూసి కాక, ముఖం చూసి నవ్వాడు.

“రోజ్! రేపు మూడింటికి తలుపు నేను తీస్తాను. ఆరూ వచ్చాయి. సంపూర్ణం!”

“ఆరేనా?” అంది లోలా వసారా మీద నుంచి. “ఏడోవాడు?”

తవ్వుతున్న చేతులన్నీ ఆగాయి.

“ఏడోవాడేంటి లోలా?” అన్నాడు డార్విన్.

“ఆవలించేవాడు. నోరు ఇంత తెరిచి! వాడు హోటల్ మూసేసే ముందు వచ్చాడు. పది, పన్నెండు చేసి ఉంటారేమో. ఫాస్టో ఒకటి తెచ్చి ఎవరికో పెళ్ళికిచ్చేశాడు.”

రోజ్ కళ్ళు మూసుకుంది. మరో ఆరేళ్ళు ఆమె కనురెప్పల వెనక నడిచిపోతున్నట్టుంది. అచ్చయిన కాగితంలో తమ పేరు మీద గీత పడటం ఆమెకు అప్పుడే కనిపించింది. క్లెమెంట్ చేతిలో మగ్గుతో, మోచేతుల దాకా బురదతో, నడవ మధ్యలో కదలకుండా నిలబడ్డాడు.

“అడుగున ముద్ర ఉండేదా?” అన్నాడు చివరికి.

“అవే మూడు తాబేళ్ళు.”

“ఎవరి పెళ్ళి?”

“అరవై ఏళ్ళ కిందటి పెళ్ళి నాయనా, కాస్త ఆలోచించుకోనీ!”

“ఆలోచించుకోండి. తొందర లేదు.” ఆయన ముఖం పండగలా వెలిగిపోతోంది. దొరికినప్పుడు కూడా అంత వెలగలేదు. “రేపు మధ్యాహ్నానికి గుర్తు తెచ్చుకుంటే చాలు. మా ఇంటికొచ్చి చెబుదురుగాని. మూడింటికి బార్ తెరుస్తున్నాం.”

రోజ్ ఒక కన్ను తెరిచింది. “ఆరుతోనేనా?”

“ఆరుతోనే.”

“అసంపూర్ణంగా?”

“ఏడు ఉన్నాయని మనకు తెలిసిందిగా. లేనిదేదో తెలిసిన జాబితాను అచ్చు వేయొచ్చు,” అన్నాడు క్లెమెంట్, ఆ నియమం ఎప్పటినుంచో ఉన్నట్టు. రోజ్ వచ్చి బురద చూడకుండా ఆయన్ను కావలించుకుంది.

“మీ బార్‌లో నిమ్మరసం సీసాలోదా, కాయలోదా?” లోలా గట్టిగా అడిగింది. “సీసాలోదైతే నేను రాను. నన్ను తీసుకెళ్ళేదెవరు?”

“నేను,” అన్నాడు డార్విన్. “పొద్దున ఆరింటికే వచ్చి గేటు దగ్గర కూర్చుంటా.”

శనివారం మూడింటికి ‘నెమ్మది అల’ తలుపు తెరిస్తే, మూడుంపావుకు లోపల చెయ్యి ఆడించే చోటు లేదు. చిలకల చొక్కాలు, పూల గౌన్లు, చెవి మీద మందారాలు. మట్టి వాసన ఇంకా పోని ఈలగాళ్ళను చంకలో పెట్టుకుని బేకర్స్‌ఫీల్డ్ వరస మొత్తం దిగింది. లోలా బల్ల వెనక ఎత్తుపీట మీద కూర్చుని పెత్తనం తీసుకుంది. రమ్ము, దాల్చినచెక్క పాకం, నిమ్మరసం. చివర్న ఒక నిమ్మతొక్క ముక్కను మగ్గు నోట్లో బిగించి కుక్కాలి. అది ఫాస్టో కనిపెట్టిన ఉపాయం. అప్పటికి నాలుగు గౌన్ల ఆలస్యమైందట. తాగేవాళ్ళలో సగంమంది కావాలనే తొక్క పీకి పక్కవాళ్ళను తడిపారు. క్లెమెంట్ ఇస్త్రీ చొక్కా మూడు చోట్ల తడిసింది. ఎవరు తడిపారో ఆయన కనుక్కోవడానికి కూడా ప్రయత్నించలేదు.

ఈ మధ్యే వేటలో దిగిన ఒక కుర్ర జంట గోడలన్నీ చూసి, కళ్ళు విప్పార్చుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

“సార్, వీటన్నిట్లో మీకు బాగా ఇష్టమైనదేది?”

“అది ఇంకా దొరకలేదండీ,” అన్నాడు క్లెమెంట్. అంత సంతోషంగా ఆ మాట చెప్పేవాళ్ళను వాళ్ళు అదివరకు చూడలేదు. “ఆవలిస్తూ ఉంటాడు. నోరు ఇంత తెరిచి...”

“ఆ నోటి సంగతి తర్వాత!” బల్ల వెనక నుంచి లోలా కేక వేసింది. “ఇక్కడ నలభై నోళ్ళు ఎండిపోతున్నాయి. నిమ్మకాయలు పిండు నాయనా!”

క్లెమెంట్ చొక్కా చేతులు పైకి మడిచి వెళ్ళి నిమ్మకాయలు పిండాడు.